కొండదారికి పాతకారు: ఫోర్ వీల్ డ్రైవు బండిని ఎంచుకొనుట యెట్లు?

కుటుంబమునకు ఇంటి తరువాత పెద్ద వ్యయము కారు. కోరాపుట్, రాయగడ జిల్లాలలో తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో పెక్కింటికి క్రొత్త కారు కొనుట శక్తికి మించిన పని. అందుచేత ఏండ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము చేతబట్టుకొని సాలూరునకో, విజయనగరమునకో, విశాఖపట్టణమునకో దిగి, అచ్చట పాతకారును బేరమాడి తెచ్చుకొనువారు మనలో కలరు. సుంకి ఘాటు మలుపులను, వానకాలమున కొండయూళ్ల మట్టిదారులను ఎఱిగినవారు గనుక వీరిలో కొందఱు “ఫోర్ వీల్ డ్రైవు బండియే కావలెను” అని పట్టుబట్టుదురు. ఈ పట్టుదలలో న్యాయము కలదు, అపాయమును కలదు. ఆ పేరు వినినంతనే తక్కిన పరీక్షలన్నియు మఱచి రొక్కము చెల్లించినచో, ఇంటి పొదుపంతయు మెకానిక్ షెడ్డు పాలగును.

ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ఒక్కటే. నాలుగు చక్రములు బండిని లాగుట బురదనుండి బయటపడుటకు ఉపకరించును. ఘాటులో బండి నిలుచుటకు ఉపకరింపదు. నిలుపునవి బ్రేకులు, టైర్లు. కావున మన డబ్బులో మొదటి రూపాయి బండిని ఆపు భాగములకును, రెండవ రూపాయి లాగు భాగములకును పోవలెను. ఈ వరుస తలక్రిందులైనచో నష్టము ధనముతో ఆగదు.

నాలుగు చక్రములు లాగుట యనగా నేమి?

ఇంజనులో పుట్టిన బలము సామాన్యమైన కారులో రెండు చక్రములకే చేరును. ఆల్టో వంటి చిన్నకార్లలో ముందు చక్రములు లాగును; బొలెరోలలో పెక్కింటియందు వెనుక చక్రములు నెట్టును. తక్కిన రెండు చక్రములు ఊరక దొర్లుచుండును.

మలుపు తిరుగునప్పుడు బయటివైపు చక్రము లోపలి చక్రముకంటె ఎక్కువ దూరము పోవలెను. లెక్కలయందు ఆసక్తిగల విద్యార్థులు దీనిని స్వయముగా చూడవచ్చును. ఎడమ కుడి చక్రముల నడిమి దూరము 1.5 మీటరు అనుకొందము. బండి వెనుదిరుగు మలుపులో అర్ధవృత్తము తిరిగినచో బయటి చక్రము 3.14 × 1.5, అనగా సుమారు 4.7 మీటర్లు అధికముగా నడచును. మలుపు పెద్దదైనను చిన్నదైనను ఈ భేదము మాఱదు. రెండు చక్రములు ఒకే ఇరుసునకు బిగించియున్నచో ఏదో యొకటి రోడ్డుపై ఈడ్చుకొని పోవలసివచ్చును. ఆ ఇబ్బంది లేకుండ రెంటిని వేఱువేఱు వేగములతో తిరుగనిచ్చు పండ్లచక్రముల అమరికకు డిఫరెన్షియల్ అని పేరు.

ఈ అమరికకు ఒక దోషము కలదు. ఒక చక్రము బురదలో దిగి పట్టు కోల్పోయినచో తిరుగుడంతయు దానికే పోవును. అది గిరగిర తిరుగుచుండగా గట్టినేలపైనున్న రెండవ చక్రము కదలక నిలిచిపోవును. ఫోర్ వీల్ డ్రైవు బండిలో వెనుక చక్రము జాఱినను ముందు ఇరుసునకు కొంత బలము చేరును గనుక బండి బయటపడును. అయినను ముందు ఇరుసున ఒకటి, వెనుక ఇరుసున ఒకటి ఏకకాలమున జాఱినచో సామాన్యమైన ఫోర్ వీల్ డ్రైవు బండియు నిలిచిపోవచ్చును. దానికి హద్దు కలదని తెలిసికొనుటయే దానిని కొనుటకు మొదటి అర్హత.

రెండు విధములు

మొదటి విధము మన డ్రైవర్లు “ఫోర్ బై ఫోర్” అని పిలుచునది. జిప్సీ, థార్, జిమ్నీ, పాత స్కార్పియోలలో కొన్ని ఈ జాతివి. గేరుపెట్టె వెనుక ట్రాన్స్‌ఫర్ కేసు అను మఱియొక పెట్టె యుండును. డ్రైవరు లివరు లాగిగాని, గుబ్బ త్రిప్పిగాని దానిని మార్చును. “టూ హై” అనునది తారురోడ్డు మీది వాడుకకు. “ఫోర్ హై” అనునది బురద, ఇసుక, తడిసిన మట్టిదారులకు. “ఫోర్ లో” అనునది నిట్టయెక్కుడునకు, నిట్టవాలునకు. “ఫోర్ లో”లో చక్రముల వేగము తగ్గి, లాగుబలము సుమారు రెండు మొదలు రెండున్నర రెట్లు పెరుగును. దిగునప్పుడు ఇంజనే బండిని పట్టియుంచును గనుక బ్రేకు అంతగా వేడెక్కదు.

ఈ జాతి బండిలో ముందు వెనుక ఇరుసుల నడుమ డిఫరెన్షియల్ ఉండదు. కావున ఎండిన తారురోడ్డుపై “ఫోర్ హై” వేసి మలుపులు తిరుగరాదు. ముందు ఇరుసు ఒక దూరము, వెనుక ఇరుసు ఒక దూరము నడువగోరగా, నడిమి షాఫ్టులు మెలిపడి స్టీరింగు బిగిసికొనిపోవును. జాయింట్లు, పండ్లు దెబ్బతినును. ఘాటురోడ్డున భద్రముగా నుండునని తారుపై ఎల్లప్పుడు ఫోర్ వీలు వేసి నడుపువారు బండిని చేజేతుల చెఱుపుకొనుచున్నారు.

రెండవ విధమునకు “ఆల్ వీల్ డ్రైవు” అని పేరు. డస్టరు, ఎక్స్‌యూవీ 500 బండ్లలో కొన్ని నమూనాలు ఇట్టివి. ఇందు సాధారణముగా ముందు చక్రములే లాగును. అవి జాఱినప్పుడు యంత్రమే గ్రహించి వెనుక చక్రములకు బలము పంపును. డ్రైవరునకు శ్రమ తక్కువ. కుటుంబమునకు కుదుపు తక్కువ. అయితే ఇట్టివానిలో “ఫోర్ లో” సాధారణముగా నుండదు. నాలుగు టైర్లు ఒకే కొలత, ఒకే జాతి, దాదాపు ఒకే అరుగుదల గలవై యుండవలెను. ఒక్క టైరు చెడినను ఒక్కొకప్పుడు నాలుగింటిని మార్చవలసివచ్చును. ఈ వ్యయమును ముందే మనస్సున నుంచుకొనవలెను.

మనకు నిజముగా కావలెనా?

కొనుటకు ముందు ఇంటివారందఱు కూర్చుండి ఒక లెక్క వేయుట మంచిది. గడచిన సంవత్సరమున రెండు చక్రముల బండి పోజాలక నిలిచిన దినములు ఎన్ని? ఆ దినములలో తప్పక పోవలసిన పని యెన్నిసార్లు వచ్చినది? ఊరికి తారురోడ్డు ఉండి, ప్రయాణములన్నియు కోరాపుట్, జయపురము, సాలూరుల మధ్యనే జరుగునట్టి కుటుంబమునకు ఫోర్ వీల్ డ్రైవుతో పనిలేదు. మంచి టైర్లు, చక్కని బ్రేకులు, నేలనుండి తగిన ఎత్తు గల రెండు చక్రముల బండి వారికి చాలును. ఇన్నోవా కార్లు వెనుక చక్రములతోనో, ముందు చక్రములతోనో నడచునవే. అయినను అవి ఘాటు లెక్కుటలేదా?

దారిలో చిక్కుకొను బండ్లలో అనేకములకు చక్రము జాఱుటకంటె పొట్ట నేలకు తగులుట కారణము. అందుచేత నేలకు బండి అడుగునకు గల ఎత్తు చూడవలెను. జిమ్నీకి ఇది 210 మిల్లీమీటర్లు, 2020 నమూనా థార్‌కు 226 మిల్లీమీటర్లు.

ఇక కొండమీది తోటలకు దినదినము పోవువారు, వానకాలమున గర్భిణిని గాని రోగిని గాని మట్టిదారిన ఆసుపత్రికి చేర్పవలసిన ఊళ్లవారు వేఱు. వారికి ఫోర్ వీల్ డ్రైవు వేడుక కాదు, అవసరము. అట్టివారి కొఱకే తరువాతి మాటలు.

పేరును చూచి మోసపోరాదు

ఎత్తైన బండి యంతయు ఫోర్ వీల్ డ్రైవు కాదు. అంగడిలో మిక్కిలి జరుగు పొరపాటు ఇదియే. బొలెరో 2000లోను, స్కార్పియో 2002లోను వచ్చినవి. వీనిలో అత్యధికములు వెనుక చక్రములవే. 1998 మొదలు 2019 వఱకు వచ్చిన పాత సఫారీలలో కొన్నింటికి మాత్రమే నాలుగు చక్రముల లాగుడు కలదు. 2021లో అదే పేరుతో వచ్చిన క్రొత్త సఫారీ ముందు చక్రముల బండి. 2020 నమూనా థార్ మొదట ఫోర్ వీలుగా వచ్చినను, 2023 నుండి వెనుక చక్రముల థార్ కూడ అమ్ముడుపోవుచున్నది. వెనుక తలుపుపై అంటించిన “ఫోర్ బై ఫోర్” అక్షరములు అంగడిలో దొరకును. కావున అక్షరములను నమ్మక, లోపల లివరు గాని గుబ్బ గాని ఉన్నదా, క్రింద ముందు ఇరుసునకు షాఫ్టు పోయినదా యని వంగి చూడవలెను.

కుటుంబమునకు తగునా యన్నది వేఱు ప్రశ్న. జిప్సీ 1985లో వచ్చిన గట్టి బండి. బరువు తక్కువ, మరమ్మతు సులభము. కాని పెట్రోలుతో నడచును. ముందు వెనుకల కమాను పట్టీలుండుటచే కుదుపెక్కువ. వెనుక ప్రక్కవాటుగా నుండు సీట్లు పిల్లలకు, వృద్ధులకు తగవు. థార్‌లో రెండే ప్రక్కతలుపులు గనుక అవ్వతాతలు వెనుకకు ఎక్కుట కష్టము. 2023లో వచ్చిన జిమ్నీకి ప్రక్కతలుపులు నాలుగున్నవి గాని కూర్చుండువారు నలుగురే. 2014లో వచ్చిన ఆల్ వీల్ డ్రైవు డస్టరు ఐదుగురకు సుఖమైన డీజిలు బండి. అయితే ఆ పాత డస్టరు తయారీ మనదేశమున 2022లో ఆగినది గనుక విడిభాగములు దగ్గఱలో దొరకునో లేదో ముందే విచారింపవలెను. ఏడుగురు గల యింటికి స్కార్పియో, పాత సఫారీ, ఎక్స్‌యూవీ 500 వంటివానిలో నిజమైన నాలుగు చక్రముల నమూనాను వెదకవలెను.

తయారైన సంవత్సరము కూడ ముఖ్యమే. 2019 ఏప్రిలు నుండి కార్లకు ఏబీఎస్ బ్రేకులు, 2019 జూలై నుండి డ్రైవరు ఎదుట గాలిసంచి తప్పనిసరి యైనవి. ఏబీఎస్ అనునది గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రములు బిగిసిపోకుండ కాపాడు ఏర్పాటు. దానితో తడిరోడ్డుపైనను స్టీరింగు మన చేతిలో నుండును. ఒకే ధరకు పాతదైన ఫోర్ వీలు బండి, క్రొత్తదైన ఏబీఎస్ గల సామాన్యపు కారు దొరకినచో, తారురోడ్డు కుటుంబము రెండవదానినే కోరుకొనవలెను.

2020 ఏప్రిలు తరువాతి డీజిలు బండ్లు బీఎస్ 6 విధమునకు చెందినవి. వీని పొగగొట్టమున మసిని పట్టు జల్లెడ యుండును. నిత్యము రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే మెల్లగా తిరుగు ఇంటిలో ఆ జల్లెడ మూసికొనిపోవును. అట్టివారు పెట్రోలు బండిని ఆలోచించుట మేలు.

డబ్బును పంచుకొను విధము

చేతనున్న సొమ్మంతయు బండి ధరకే చెల్లింపరాదు. అయిదవ వంతు వెనుకకు తీసి యుంచవలెనని మా సలహా. ఆఱు లక్షల రూపాయలున్నచో బండికి 4,80,000 మించరాదు. మిగిలిన 1,20,000 టైర్లకు, బ్రేకులకు, నూనెలకు, పేరు మార్పునకు, పన్నునకు, బీమాకు వలయును. ఫోర్ వీలు బండిలో ఇంజను, గేరుపెట్టె, ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు వెనుక డిఫరెన్షియళ్లు అన్నింటికి వేఱువేఱుగా నూనె మార్పవలెను. కొన్న వెంటనే ఈ పని చేయించినవారికి బండి చాలకాలము మన్నును.

ఇంధనపు లెక్క మఱువరాదు. ఏడాదికి 10,000 కిలోమీటర్లు నడచు ఇంటిలో లీటరునకు 15 కిలోమీటర్లు పోవు కారు సుమారు 667 లీటర్లు త్రాగును. 12 కిలోమీటర్లు పోవు ఫోర్ వీలు బండి 833 లీటర్లు త్రాగును. లీటరు 90 రూపాయలని లెక్కకొఱకు అనుకొన్నచో ఏడాదికి 15,000 రూపాయల భేదము. అయిదేండ్లలో 75,000! అవసరము లేని యింటికి ఇది వృథా; అవసరమున్న యింటికి ఇది ఒక ప్రాణమునకు చెల్లించు స్వల్పమైన వెల.

బండిని పరీక్షించు విధము

లారీల మరమ్మతులకు పేరుపడిన సాలూరు దగ్గఱలోనున్నది గనుక నేర్పుగల మెకానిక్కును వెంటబెట్టుకొని పోవుట మనకు కష్టము కాదు. అమ్మువాని మనిషి కాక మన మనిషియై యుండవలెను. ఆయనకిచ్చు కూలి వృథా కాదు. ఈ క్రింది పరీక్షలను ఎదుట నిలిచి చేయింపవలెను.

మొదటిది, ఇంజను చల్లగా నున్నప్పుడే చూడవలెను. ముందే వేడిచేసి యుంచినచో లోపములు దాగును. నీలిపొగ ఇంజను నూనె మండుటకు గుర్తు; నల్లపొగ ఇంధనము సరిగా మండకపోవుటకు గుర్తు; ఇంజను వేడెక్కిన తరువాతను తెల్లపొగ ఆగనిచో రేడియేటరు నీరు లోపలికి దిగుచున్నదని అనుమానింపవలెను. ఇంజను చల్లగా నుండగనే రేడియేటరు మూత తీసి, అందు నూనె తెట్టు ఉన్నదేమో చూడవలెను.

రెండవది, బండిని ఎత్తించి అడుగు చూడవలెను. ఛాసిస్ దూలముపై అతుకులు, వంపులు, పొరలుగా లేచు తుప్పు ఉన్నచో బేరము విరమింపవలెను. వెల ఎంత తగ్గించినను అట్టి బండి కుటుంబమునకు పనికిరాదు.

మూడవది, బ్రేకు. ఖాళీ రోడ్డుపై మెల్లగా నడుపుచు బ్రేకు వేయగా బండి ఒక ప్రక్కకు లాగరాదు. ఎక్కుడుపై హ్యాండు బ్రేకు ఒక్కటియే బండిని నిలుపవలెను.

నాల్గవది, టైర్లు. టైరు ప్రక్కభాగమున నాలుగంకెల సంఖ్య యుండును. 2319 అని యున్నచో 2019వ సంవత్సరమున 23వ వారములో తయారైనదని అర్థము. దీనిని చదువుట పిల్లలకు సులభము. గాళ్లు లోతుగా నున్నను ఆఱేడేండ్లు దాటిన టైరును ఘాటురోడ్డున నమ్మరాదు. ఒకే టైరు లోపలివైపు మాత్రము అరిగినచో ముందు భాగమున వంకర యున్నదని తెలియును.

అయిదవది, ఫోర్ వీలు పరీక్ష. దీనిని తడిమట్టిపై గాని కంకరపై గాని చేయవలెను. “ఫోర్ హై” వేయగా వెంటనే పడవలెను, గుర్తుదీపము వెలుగవలెను, నిజముగా ముందు చక్రములు లాగుచున్నవని మెకానిక్కు తేల్చవలెను. తరువాత బండిని నిలిపి “ఫోర్ లో” వేసి మెల్లగా నడిపింపవలెను. టకటక శబ్దము గాని, గేరు తనంతట జాఱిపోవుట గాని ఉండరాదు. కొన్ని బండ్లలో ఏండ్ల తరబడి ఎవరును వేయకపోవుటచే ఆ లివరు బిగిసికొనిపోయి యుండును. “పట్టణమున దానితో పనిపడలేదు” అని అమ్మువాడు చెప్పు మాట సత్యమే కావచ్చును. మరమ్మతు వ్యయము మాత్రము మనదగును.

ఆఱవది, నీటమునిగిన బండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో విజయవాడయందు వాహనములు అనేకములు మునిగినవి. అట్టివి కడిగి తుడిచి దూరప్రాంతముల అంగళ్లకు చేరు అవకాశము కలదు. నేలపఱపు ఎత్తి క్రింద ఒండ్రుమట్టి, సీట్ల క్రింది ఇనుపపట్టాలపై తుప్పు, దీపముల లోపల చెమ్మ, ముక్కవాసన ఉన్నవేమో చూడవలెను.

మీటరులోని కిలోమీటర్లను నమ్మరాదు. నలుబదివేలు మాత్రమే నడిచినదని చూపు బండికి పెడళ్ల రబ్బరు నున్నగా అరిగి, స్టీరింగు మెఱయుచున్నచో మీటరును వెనుకకు త్రిప్పిరని అనుమానింపవలెను. సర్వీసు రసీదులు అడిగి పోల్చవలెను.

రెండు రాష్ట్రముల కాగితములు

మనము రాష్ట్రపు సరిహద్దున నున్నవారము. ఆంధ్రప్రదేశ్‌లో కొన్న బండిని ఒడిశాలో నడుపుకొందుము. కాగితముల విషయమై మనకున్న చిక్కు లోపలి జిల్లాలవారికి లేదు.

మోటారు వాహనముల చట్టము 1988 ప్రకారము, పరరాష్ట్రపు బండిని ఇచ్చట పండ్రెండు నెలలకు మించి ఉంచుకొన్నచో ఇచ్చటి క్రొత్త నంబరు పొందవలెను. అందుకు పాత కార్యాలయమునుండి ఫారము 28 ద్వారా నిరభ్యంతర పత్రము తేవలెను. అమ్మకమునకు ఫారము 29, పేరు మార్పునకు ఫారము 30 కావలెను. బండిపై అప్పున్నచో అది తీఱినట్లు ఫారము 35 వలయును. ఇచ్చట చెల్లింపవలసిన రోడ్డుపన్ను ఎంతయో రవాణా కార్యాలయమున ముందే అడిగి ఆ మొత్తమును బండి ధరలో కలిపి చూడవలెను. విశాఖలో చౌకయని తెచ్చిన బండి ఇచ్చట పన్నుకట్టిన పిదప చౌక కాకపోవచ్చును.

సొంతబండి రిజిస్ట్రేషను మొదట పదునైదేండ్లకు చెల్లును. పండ్రెండేండ్ల బండిని కొన్నవారికి మిగిలినవి మూడేండ్లే. తరువాత ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గిన గాని గడువు పెరుగదు. బీమాను పదునాలుగు దినములలో మన పేరునకు మార్పించుకొనుటకు దరఖాస్తు చేయవలెను. ఆర్సీపై నున్న ఛాసిస్ సంఖ్యను, ఇంజను సంఖ్యను బండిపై చెక్కిన సంఖ్యలతో అక్షరమక్షరము సరిచూడవలెను.

పేరు మార్పకుండ బండి అమ్మినవారికి కూడ ఒక హెచ్చరిక. ప్రమాదము జరిగినచో ఆర్సీలో పేరున్నవాడే యజమాని యని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కావున “తరువాత చూచుకొందము” అను మాట ఇరువురకును కీడు చేయును.

విద్యార్థులారా! మీ యింటిలో పెద్దలు మీకంటె లోకజ్ఞులు; అయినను ఆంగ్లములో అచ్చయిన ఆర్సీని, టైరుపై అంకెలను, బీమాపత్రములోని తేదీలను చదువుటలో మీరు వారికి కన్నులు కాగలరు. ఈ వ్యాసమును వారికి చదివి వినిపింపుడు. పరీక్షల జాబితాను కాగితముపై వ్రాసి బేరమునకు పోవు దినమున నాన్నగారి జేబులో నుంచుడు. అందులో ఛాసిస్, బ్రేకు, టైరు, కాగితములు అను నాలుగింటిని మొదట వ్రాయుడు. ఫోర్ వీలును అయిదవదిగా వ్రాయుడు. మొదటి నాలుగింటిలో ఏ యొక్కటి సరిపడకున్నను, అయిదవది ఎంత బాగున్నను, ఆ బండిని అచ్చటనే విడిచి రండు. మఱునాడు మఱియొక బండి దొరకును.